ఖాళీ నీళ్ల టిన్నులతో ఊరి మధ్య ఒక కళాకృతి: ఐ వేవే పద్ధతి మన డెల్టాలో పనిచేస్తుందా?

కాలవగట్టు (రాజోలు వైపు)

చైనా కళాకారుడు ఐ వేవే మాటల సారం ఒకటుందండి. సృజన, స్వేచ్ఛ, అసమ్మతి అని మూడు అరలు లేవు, ఒకటి వదిలేస్తే మిగతా రెండూ చచ్చుబడతాయి అన్నది. దాన్ని కోనసీమలో ఒక పనిగా ఎలా దించాలన్నదే ప్రశ్న.

ఆలోచన ఇది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలు ఊరి చుట్టూ తిరుగుతున్నాయి. అయినా తాగేందుకు టిన్ను కొనుక్కోవాల్సిందే. ఇంటికి రోజుకొకటి అనుకుంటే ఏడాదికి 365 టిన్నులు, 7,300 లీటర్లు. ఆ 365 ఖాళీ టిన్నులూ ఊరి మధ్య పేర్చి వారం రోజులు ఉంచాలి. బోర్డు ఉండదు, నినాదం ఉండదు, మైకు ఉండదు.

ఇది కళేనా, ధర్నా సామానా? ఎవరెవరి అనుమతి కావాలి? ఎండకీ గాలికీ నిలుస్తుందా? ఎవరైనా కేసు పెట్టాలనుకుంటే ఏం పెట్టగలరు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సున్నపుగోడ

ఐ వేవే అనగానే చాలామందికి 1995లో హాన్ కాలపు కుండని నేలకేసి కొట్టిన మూడు ఫొటోలు గుర్తొస్తాయి. అది తెగువ. ఆయన బలం మాత్రం తెగువలో లేదు, లెక్కలో ఉంది.

2008 మే 12న సిచువాన్ భూకంపంలో బడులు కూలి పిల్లలు పోయారు. పోయినవాళ్లు ఎవరెవరో బయటికి రాలేదు. ఈయన స్వచ్ఛందంగా వచ్చినవాళ్లని ఊళ్ల మీదికి పంపి, గడప గడపకీ అడిగించి, 5,000కు పైగా పిల్లల పేర్లు తేల్చాడు. బొమ్మ ఆ తర్వాతే. 2009లో మ్యూనిక్ మ్యూజియం ముందు గోడంతా 9,000 బడిసంచులు కట్టి, వాటి రంగులతోనే ఒక తల్లి తన కూతురి గురించి చెప్పిన ఒక్క వాక్యం రాయించాడు. కూలిన బడుల్లో మెలితిరిగిన ఇనుప చువ్వలు సంపాదించి, సుత్తులతో కొట్టించి తిన్నగా చేయించి, వరసగా పరిపించింది ఇంకొకటి. దాదాపు 150 టన్నులు. రెండింటిలోనూ తిట్టు ఒక్కటీ లేదు. అయినా 2009 మేలో ఆయన బ్లాగు మూసేశారు. ఆగస్టులో చెంగ్డూలో పోలీసుల చేతిలో దెబ్బ తిని, తర్వాతి నెల మ్యూనిక్‌లో తలకి ఆపరేషన్ చేయించుకున్నాడు. 2011 ఏప్రిల్ 3న బీజింగ్ విమానాశ్రయంలో పట్టుకుని 81 రోజులు ఉంచారు. పాస్‌పోర్టు 2015 జూలైలో గానీ చేతికి రాలేదు.

ఇప్పుడు మీ 365 దగ్గరికి రండి. అది లెక్క కాదండీ, గుణకారం. ఆ 365 ఏ ఇంటివీ కావు. ‘మా ఇంట్లో వారానికి మూడే’ అని ఒక్కరు అన్నారంటే మీ పని అక్కడికక్కడే కూలుతుంది. ఒక వీధి తీసుకోండి, నలభై గడపలు చాలు. నెల రోజులు రోజూ ఒకే వేళకి వెళ్లి ఎన్ని టిన్నులు దిగాయో పుస్తకంలో రాయండి. తేదీ, ఇంటి వరస సంఖ్య, టిన్నులు, ఇంట్లో ఎందరు ఉన్నారు, రాసినవారి సంతకం. మొత్తం 611 వచ్చిందనుకోండి, 611 పెట్టండి. అన్ని దొరక్కపోతే పదికి ఒకటి చొప్పున పెట్టి, ఆ సంగతి చెప్పేయండి. గుండ్రటి సంఖ్య కన్నా వంకర సంఖ్యనే జనం నమ్ముతారు.

దానికి తోడు కాగితం. ఆర్‌టీఐ (సమాచార హక్కు) అర్జీకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపై వాటికి 10. నకలు పేజీకి 2 రూపాయలు. ‘నీళ్లు ఎందుకు బాలేవు’ అని రాస్తే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. ‘మా పంచాయతీ మంచినీటి పథకం నుంచి గత మూడేళ్లలో తీసిన నీటి నమూనాల పరీక్ష ఫలితాల నకళ్లు’, ‘ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన తేదీల రిజిస్టరు నకలు’ అని రాయండి. జవాబుకి 30 రోజులు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో కమిషన్‌కి. అంటే ఏప్రిల్లో కాలవలు కట్టేసే నాటికి కాగితం చేతిలో ఉండాలంటే సంక్రాంతి లోపే అర్జీ పడాలి.

వకాల్తా

కళా ధర్నా అన్న తేడా రాజ్యాంగానికి పట్టదు. 19(1)(ఎ) కింద రెండూ భావప్రకటనే. అడ్డు చెప్పాలంటే 19(2)లో ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి: దేశ సార్వభౌమత్వం సమగ్రత, రాజ్య భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నీతి, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. ‘ప్రభుత్వానికి చిన్నతనం’ ఆ జాబితాలో లేదు.

రాజద్రోహం గురించి భయపడేవాళ్లకి: పాత 124ఎని 2022 మే 11న సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని చోట 152వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ చర్యల్ని చట్టబద్ధంగా మార్పించాలని చేసే విమర్శ నేరం కాదని దాని వివరణ చెబుతుంది. టిన్నుల గుట్ట మీద 152 నిలబడదు. కానీ పెద్ద సెక్షన్ కోసం కాచుకుని కూర్చుంటే చిన్నవి వచ్చి కరుస్తాయి. దారికి అడ్డం పెట్టారని 285, అధికారి ఉత్తర్వు ధిక్కరించారని 223, మనుషుల పేర్లు పెడితే పరువు నష్టం 356, వర్గాల మధ్య చిచ్చంటే 196. మీ పని జాగాలోనూ, కాగితంలోనూ తేలిపోతుంది, భావంలో కాదు.

జాగా సంగతి. కాలవ గట్టు జలవనరుల శాఖది, దాన్ని ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. 216వ జాతీయ రహదారి అంచు జోలికి వెళ్లొద్దు. గుడి స్థలం దేవాదాయ శాఖది, అక్కడ మతం ఊరికే వచ్చి కూర్చుంటుంది. పంచాయతీ ఖాళీస్థలమైతే కార్యదర్శి సంతకంతో తేదీలూ కొలతలూ ఉన్న ఉత్తరం ఉండాలి, సర్పంచి నోటిమాట చాలదు. అన్నిటికన్నా తేలిక సొంత స్థలమే. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుని, ఎప్పుడు ఖాళీ చేస్తారో అందులో ఉంటే చాలు.

పోలీసుల దగ్గరికి: మన జిల్లాల్లో పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉందని తరచూ ప్రకటిస్తుంటారు. అది సభలకీ ఊరేగింపులకీ సంబంధించినది. వస్తువులు పేర్చడం సభ కాదు, కానీ జనం పోగైతే సభ అయిందంటారు. అందుకని స్టేషన్ ద్వారా సబ్‌డివిజన్ అధికారికి రెండు ప్రతుల్లో అర్జీ ఇవ్వండి. తేదీలు, స్థలం, కొలత, ఎన్ని వస్తువులు, మైకు ఉందా లేదా, ఊరేగింపు లేదన్న మాట, బాధ్యుల ఫోను. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా గడప దిగొద్దు. కాదంటే కారణం రాసిమ్మని అడగండి. హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే మీ కేసు. జనం గుమిగూడొద్దని పెట్టే పాత 144 సెక్షన్ ఇప్పుడు 163, అది పెట్టి ఉంటే తేదీ మార్చుకోవడమే. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో అసలు పెట్టొద్దు, మీ టిన్నుల్ని ఏదో ఒక పార్టీ ఖాతాలో వేసేస్తారు.

మూడు సింహాల గుర్తు, జాతీయ పతాకం, గాంధీ కళ్లద్దాలు వగైరా ఏవీ తేవద్దు. 2012లో కార్టూనిస్టు అసీమ్ త్రివేది అరెస్టయిన బొమ్మల్లో రాజచిహ్నాన్ని మార్చి గీసింది ఒకటి. రాజద్రోహం కేసు తర్వాత పోయిందనుకోండి, అరెస్టు మాత్రం వెనక్కి పోదు కదా. ఇంకో ముఖ్యమైన తీర్పు 2025 మార్చి 28న వచ్చింది. ఒక పద్యం మీద గుజరాత్‌లో పెట్టిన కేసు కొట్టేస్తూ, మాటని గట్టి గుండె ఉన్న సగటు మనిషి కొలతతో చూడాలి గానీ ప్రతిదానికీ బెదిరేవాళ్ల కొలతతో కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న మాట-రాత నేరాల్లో కేసు కట్టేముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరపడం మంచిదని కూడా అంది. ఆ తీర్పు నకలు ఫైల్లో పెట్టుకోండి.

కాలవగట్టు

వకాల్తా గారూ, టిన్నుల మీద వాటర్ ప్లాంటుల పేర్లున్నాయి. అలాగే ఉంచితే నిజంగా వాడినవని తెలుస్తుంది కదండీ? ఇంకోటి, మూతల బదులు నర్సాపురం లేసు అల్లికలు కప్పుదామని మాలో ఒకరి మాట.

వకాల్తా

పేర్లు తీసేయండి. ఉంచారంటే మీ పని నీళ్ల గురించి కాక ఆ ప్లాంటాయన గురించి అవుతుంది, లాయరు నోటీసు ఆయన దగ్గర్నుంచే వస్తుంది.

చుక్కాని

సామాను సంగతి చెబుతాను.

కొత్త టిన్నులు కొనొద్దు. ప్లాంటుల్లో చిట్లినవీ, మూతి విరిగినవీ పక్కన పడేస్తారు, పాత సామాన్ల కొట్టుకి కిలోల లెక్కన పోతాయి. వాడి మాసిన నీలం రంగే మీకు కావలసింది. ఒక్కోటి సుమారు 700 గ్రాములు, అడుగు 27 సెంటీమీటర్లు, ఎత్తు అర మీటరుకి కాస్త తక్కువ. స్టిక్కరు ఊడబెరికాక జిగురు మిగులుతుంది. కొబ్బరి నూనె రాసి ఇరవై నిమిషాలు వదిలి, గుడ్డతో తుడిచి సబ్బునీళ్లతో కడిగితే పోతుంది. థిన్నరు వాడితే ప్లాస్టిక్ తెల్లబారి పగుళ్లు పడుతుంది.

నేల మీద 30 సెంటీమీటర్లకొకటి పెడితే వరసకి 19 చొప్పున 19 వరసలకి 361 పడతాయి, దారి కాక చతురస్రం 5.7 మీటర్లు. మధ్యలో మనిషి నడిచేందుకు 90 సెంటీమీటర్ల దారి వదలండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించొద్దు, పిల్లలు ఎక్కుతారు. లండన్ టేట్ మోడరన్ మ్యూజియంలో 2010 అక్టోబరులో ఐ వేవే పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచి జనాన్ని వాటి మీద నడవమన్నాడు. పింగాణీ దుమ్ము ఊపిరితిత్తులకి చేటని కొద్ది రోజులకే తాడు కట్టేశారు. అంత పెద్ద సంస్థకే జనం నడిస్తే ఏమవుతుందో ముందు తట్టలేదు.

ఖాళీ టిన్ను సముద్రపు గాలికి దొర్లిపోతుంది. బరువుకి నీళ్లు పోయాలనిపిస్తుంది, పోయొద్దు. ఒకటి, వారంలో దోమ పిల్లలు. రెండు, ఎండలో నీళ్లున్న గుండ్రటి టిన్ను భూతద్దంలా పనిచేస్తుంది. కింద ఎండుగడ్డి, కొబ్బరి మట్టలు ఉంటే అంటుకోవచ్చు. మూడు, పచ్చగా పాచి పడుతుంది. ఇసుక పోయండి, టిన్నుకి 3 కిలోలు, మొత్తం 1,095 కిలోలు. గోదారి జిల్లాల్లో టన్ను ఇసుక మీద కూడా రాజకీయం ఉంటుంది కాబట్టి కొన్న రసీదు దాచండి! వేసవి సాయంత్రం గాలివాన వస్తే ఇది కూడా చాలదు. ప్రతి వరసనీ మెడల దగ్గర కొబ్బరి తాడుతో కలిపి, రెండు చివర్లా మేకులు దిగ్గొట్టాలి. నైలాను తాడు సాగుతుంది, ముడి జారుతుంది.

లేసు మూతలు చూడ్డానికి బావుంటాయి గానీ ఉప్పుగాలికి, మంచుకి రెండో రోజుకే వేలాడిపోతాయి. పంచదార పాకంలో ముంచి గట్టిపరుస్తామంటారేమో, చీమలు.

నీళ్ల నాణ్యత కూడా చూపించదలిస్తే: టీడీఎస్ మీటరుని (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముందు 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంలో సరిచూడాలి. ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడు 250, అలాంటి చోటే 1,000. మీటరు ఉప్పు చెబుతుంది గానీ క్రిముల్ని చెప్పదు. వాటికి హెచ్2ఎస్ సీసా, 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలినం ఉన్నట్టే. ల్యాబుకి పంపాలంటే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులు జనం తెచ్చిన నమూనాలూ తీసుకుంటాయి. లీటరు సీసాని అదే నీటితో మూడుసార్లు తొలిచి అంచుదాకా నింపాలి. క్రిముల పరీక్షకి మాత్రం తొలవకూడదు, వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలో పట్టి ఐసులో పెట్టి అదే రోజు అందించాలి. సముద్రానికి దగ్గర డ్రెయిన్లలో పోటుకీ పాటుకీ అంకె మారిపోతుంది. చేపల, రొయ్యల చెరువు పట్టుబడి రోజు నీళ్లు వదిలితే ఇంకా మారుతుంది. సమయం రాయని అంకె చెల్లదు, అధికారి మొదట పట్టుకునేది అదే.

తందానతాన

అన్నీ బావున్నాయి, కానీ మీరందరూ కలిసి దాన్ని సర్వే రిపోర్టు చేసేశారు. అసలు సందేహం నాది వేరే.

బోర్డు లేకుండా, మాట లేకుండా పెట్టడం మ్యూజియం అలవాటు. మ్యూజియంలో గోడే ‘ఇది కళ’ అని చెబుతుంది. ఊళ్లో రావిచెట్టు కింద పెడితే ప్రతివాళ్లూ ‘ఏంటండీ ఇది, ఎన్నిటికి అమ్ముతున్నారు’ అనే అడుగుతారు. జవాబు చెప్పే మనిషి లేకపోతే మొదటి సాయంత్రానికే ఎవరో ఒకరు వాళ్లకి తోచింది చెప్పేస్తారు, అదే ఊరంతా నిలిచిపోతుంది.

ఐ వేవే కూడా మూగగా ఉండలేదు. షాంఘైలో తన స్టూడియో కూల్చబోతున్నారని తెలిసి 2010 నవంబరులో పీతల విందుకి జనాన్ని పిలిచాడు. ఆయన్ని బీజింగ్‌లో ఇంట్లోనే ఆపేశారు, విందు మాత్రం జరిగింది. పీతలే ఎందుకంటే, చైనీస్‌లో ఏటి పీతకి వాడే మాట, ప్రభుత్వం తరచూ వాడే ‘సామరస్యం’ అన్న మాట దాదాపు ఒకేలా పలుకుతాయి. ఆ ‘సామరస్యం’ పేరుతోనే రాతలు తుడిచేస్తారు గనక జనం సెన్సారుకి ‘పీత’ అని పేరెట్టారు. శ్లేష మనకి కొత్తా? పీతల పులుసు కొత్తా? సెన్సారుని వండి వడ్డించాడాయన. డెల్టాలో అసమ్మతికి అలాంటి రుచి ఉండాలి.

మన దగ్గర అచ్చంగా అందుకే పుట్టిన ఏర్పాటుంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ ఏదైనా, రాజకీయ వంత మధ్యలో దూరి ఇవాళ్టి సంగతి అడుగుతాడు, హాస్యం దాన్ని మెత్తబరుస్తాడు, కథకుడు ఏమీ ఎరగనట్టు కథలోకి పోతాడు. కోపం, నవ్వు, తప్పించుకునే దారి మూడూ ఉన్న యంత్రం అది. మీ టిన్నుల ముందు సాయంత్రం ఏడింటికి నలభై నిమిషాల కథ పెట్టండి. వీధి పుస్తకంలో ఆ రోజు రాసిన అంకె రాజకీయ వంత చదవాలి. రోజుకొక అంకె. అప్పుడు మూడో రోజు కూడా జనం వస్తారు. నాటకాల మీద బ్రిటిషువాళ్లు తెచ్చిన 1876 చట్టాన్ని 2018లో పుస్తకంలోంచి తీసేశారు, సినిమాకి ఉన్నట్టు రంగస్థలానికి మన దగ్గర ముందస్తు సెన్సారు బోర్డూ లేదు. మైకుకి మాత్రం అనుమతి కావాలి, రాత్రి పది దాటితే కట్టేయాలి, ఆస్పత్రికీ బడికీ కోర్టుకీ వంద మీటర్ల లోపు పెట్టకూడదు.

స్వేచ్ఛ సంగతి కూడా చైనా కళ్లతో చూడొద్దు. అక్కడ ఎదురుగా నిలబడేది రాజ్యం. ఇక్కడ సెన్సారు పోలీసు కాదండి, పెళ్లి భోజనాల బంతి. స్థలం ఇచ్చినాయన చెరువు కౌలుకిచ్చి ఉంటాడు. ప్లాంటాయన వార్డు మెంబరుకి బావమరిది. టిన్ను ఆటో తోలే కుర్రాడు మీ వీధివాడే. ఎవరూ వద్దనరు, ‘ఎందుకండీ ఇదంతా’ అంటారు. ఆ ఒక్క మాటకే సగం పనులు ఆగిపోతాయి. వకాల్తా గారి సెక్షన్లకి మందుంది, దీనికి లేదు. ఒక్కటే ఉపాయం, ఆటో కుర్రాడినీ ప్లాంటాయన్నీ ముందే కలిసి, ఇది వాళ్లమీద కాదని చెప్పి, లెక్క పుస్తకంలో వాళ్ల అంకె కూడా అడగండి. ఇచ్చారా, మీ లెక్కకి రెండో సాక్ష్యం. ఇవ్వలేదా, కనీసం కబురు వేరేవాళ్ల నోట వినరు.

అలాగని పరాయి దేశాల్లో అంతా బాగుందని కూడా కాదు. గాజా యుద్ధం గురించి పెట్టిన ఒక పోస్టు తర్వాత 2023 నవంబరులో లండన్ గ్యాలరీ ఒకటి ఆయన ప్రదర్శన ఆపేసింది.

సున్నపుగోడ

తందానతాన గారి భోజనాల బంతి మాట ఒప్పుకోవాల్సిందే. మాట్లాడే మనిషి ఉండాలన్నదీ నిజమే, నేను దాన్ని తక్కువ అంచనా వేశాను. కానీ కథలో జబ్బుపడ్డ మనుషుల్ని పాత్రలుగా తేవద్దు. 2016లో ఐ వేవే ఇండియా టుడే పత్రిక ఫొటో కోసం గ్రీసు ఒడ్డున, మునిగి చనిపోయిన శరణార్థి పిల్లాడు అలన్ కుర్దీలా బోర్లా పడుకున్నాడు. అంతటివాణ్నీ జనం తప్పుబట్టారు. సిచువాన్ పేర్లు తల్లిదండ్రులు ఇచ్చినవి, ఆ పడక ఎవరూ ఇచ్చింది కాదు. మీ పుస్తకంలో కూడా ఇంటి సంఖ్యే ఉండాలి, పేరు వద్దు.

లేసు గురించి చుక్కాని గారు వాతావరణం చెప్పారు, నేను కూలి అడుగుతాను. ఆ పొద్దుతిరుగుడు గింజలు చైనాలోని జింగ్‌దెజెన్‌లో 1,600 మంది చేతులతో చేసి రంగేసినవి. ప్రదర్శన పేరు ఒకరిది. నర్సాపురం లేసు ఇళ్లల్లో ఆడవాళ్లు ముక్కల లెక్కన అల్లేది. ఊరి అన్యాయం గురించి పెట్టే పనిలో 365 మూతలు బేరమాడి అల్లిస్తే ఎలా ఉంటుందో చూసుకోండి. ఒక మూతకి ఎన్ని గంటలు పడుతుందో ముందు ఒకటి అల్లించి గడియారం పెట్టి చూసి, గంటల లెక్కన ఇవ్వగలిగితే అల్లించండి. లేకపోతే వద్దు.

కాలవగట్టు

లేసు వదిలేశామండి. బోర్డు లేకపోవడం అలాగే ఉంటుంది, మనిషి మాత్రం ఉంటారు, సాయంత్రాలు బుర్రకథ. ప్లాంటాయన్ని ఆదివారం కలుస్తున్నాం. వీధి పుస్తకం సోమవారం నుంచి, రెండు వీధులు. చివర్లో టిన్నులు ఏం చేయాలి?

చుక్కాని

ఎనిమిదో రోజు పొద్దున్నే ఇసుక వంపేసి, కొట్టుకే తూకానికి ఇచ్చేయండి. 365 అయితే 255 కిలోల దాకా తూగాలి. తూకం చీటీ తీసుకోండి, తక్కువొస్తే ఎన్ని పోయాయో తెలుస్తుంది.

వకాల్తా

ఏర్పాటు పూర్తయిన రోజూ, తీసేసే రోజూ నాలుగు మూలల నుంచీ తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. ఎవరైనా మధ్యలో పగలగొడితే కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద కళాకారుడికి హక్కుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడమీది శిల్పాన్ని తీసేసి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షలు ఇప్పించింది. తీసేసింది 1979లో. అందుకని ఫొటోలు, చీటీలు జాగ్రత్త. వీధి పుస్తకానికి కార్బను వేసి రాయండి, రెండో ప్రతి ఆ ఊళ్లో ఉండకూడదు.